పేరు ఊరిది, రాబడి ఎవరిది?



బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు దాకా వెళ్లి, అక్కడ చల్లపల్లి రోడ్డు అందుకుంటే కాసేపటికి కూచిపూడి వస్తుంది. రోడ్డుకి అటూ ఇటూ వరిచేలు, కాలవలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. డెల్టాలో ఇలాంటి ఊళ్లు వందలున్నాయి. ఇదే ఆ ఊరని ఎవరైనా చెబితే గానీ కొత్తవాళ్లకి తెలియదు. అయినా అమెరికాలోనో, సింగపూర్‌లోనో ఓ పిల్ల కాళ్లకి గజ్జెలు కట్టుకుంటుంటే, ఏం నేర్చుకుంటున్నావమ్మా అని అడగండి, ఈ ఊరి పేరే చెబుతుంది. సంగీత నాటక అకాడెమీ గుర్తించిన ఎనిమిది శాస్త్రీయ నృత్యాల్లో ఒక పల్లెటూరి పేరు పెట్టుకున్నది ఇదొక్కటే.

నేను ఉద్యోగమంతా సహకార సంఘాల పద్దులు తనిఖీ చేస్తూ గడిపాను. పాల సంఘాలు, చేనేత సంఘాలు, పరపతి సంఘాలు. నాట్యం మీద ప్రేమ మాత్రం అంతకంటే చాలా ముందుది. చిన్నప్పుడు మా ఊరి గుడి ముందు పందిట్లో భామాకలాపం చూశాను. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడ్డారు. ఆ తెర మీంచి సత్యభామ జడ ఇవతలికి పడింది. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లగానే భగ్గున లేచిన మంట వెలుగులో ఆ జడ మెరిసింది. సత్యభామ మొగవాడని అమ్మ చెబితే నేను నమ్మలేదు. తెల్లవారాక మా తాతయ్య అరుగు మీద నిలబడి మేళం వాళ్లకి ధాన్యం కొలిపించడం కూడా నాకు గుర్తే. రాత్రి చూసిన జడా, పొద్దున చూసిన కుంచమూ రెండూ కలిసే నా మనసులో ఉండిపోయాయి. ఇవాళ ఆ కుంచం గురించే మాట్లాడతాను.

మేళం ఎలా బతికిందో ముందు చూద్దాం. మాచుపల్లి ఊరి పాత రికార్డు అయిన కైఫియత్తులో ఒక కథ ఉంది. 1502 ప్రాంతంలో కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్లి, సిద్ధవటం ప్రాంతంలో సమ్మెట గురవరాజు ప్రజల్ని పెడుతున్న బాధల్ని రాజుగారి ఎదుట ఆడి చూపించారట. ఊరూరూ తిరిగేవాళ్లకి ఊరూరి గోడూ తెలుస్తుంది. తరవాత సిద్ధేంద్ర యోగి వచ్చి భామాకలాపాన్ని ఈ ఊరి పిల్లలకి నేర్పి, ప్రతి మొగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని ఊళ్లో నేటికీ చెప్పుకుంటారు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా బందరు వైపు వెళుతూ వీళ్ల ఆట చూసి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడన్నది ఇంకో ఐతిహ్యం. ఆ అగ్రహారాన్ని భాగవతుల కుటుంబాలు పంచుకున్న 1763 నాటి పత్రం గురించి పరిశోధకులు రాశారు. వెంపటి, వేదాంతం, చింతా, పసుమర్తి, మహంకాళి, భాగవతుల, ఇలా ఆ ఇంటిపేర్లు మనకి ఇవాళ కూడా తెలిసినవే.

ఆడిటరు కళ్లతో చూస్తే ఆ పత్రంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. కళాకారుడికి బహుమతి ఇవ్వడం వేరు, ఆస్తి ఇవ్వడం వేరు. శాలువా కప్పితే ఆ పూటతో సరి. ఊరే ఇస్తే ఏటా పంట వస్తుంది. ఆడినా ఆడకపోయినా పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉంటే పిల్లవాణ్ని పదేళ్లు కూర్చోబెట్టి నేర్పించొచ్చు. కూచిపూడి సంప్రదాయం అన్ని తరాలు నిలబడడానికి భక్తి ఎంత కారణమో, ఆ భూమి కూడా అంతే కారణమని నా నమ్మకం.

రెండో కారణం కృష్ణ నీళ్లు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో వరి పండింది. కోతలై, కుప్పలు నూర్చి, గాదెలు నిండాక రైతు చేతికి తీరిక చిక్కేది. మేళాలు బయల్దేరేది అప్పుడే. భాగవత మేళం ఒక ఊరు వస్తే ఊరు వాళ్లకి వసతి చూపేది, భోజనం పెట్టేది, సంభావన ఇచ్చేది. టిక్కెట్టు లేదు. అలాగని ఊరికే చూసినవాడూ లేడు. ఊరంతా కలిసి భరించేది. ఇరవయ్యో శతాబ్దంలో చింతా వెంకటరామయ్య గారు వెంకటరామ నాట్యమండలి కట్టి యక్షగానాలు ఆడించింది ఈ ఏర్పాటు మీదే. ఆయన కుమారుడు చింతా కృష్ణమూర్తి గారు దాన్ని నడిపారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ పేరు ఢిల్లీ దాకా వెళ్లింది. 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏర్పాటు మెల్లిగా కూలిపోయింది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. ఊళ్లలోకి సినిమా వచ్చింది. రైతు తీరిక కూడా మారిపోయింది, రెండో పంట వచ్చాక గాదె నిండగానే మళ్లీ దుక్కి. నాట్యాచార్యులు మద్రాసు రైలెక్కారు. వేదాంతం రాఘవయ్య గారు సినిమా దర్శకులయ్యారు, దేవదాసు తీసింది ఆయనే. పసుమర్తి కృష్ణమూర్తి గారు మాయాబజార్‌కి నాట్యం కూర్చారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి దేశదేశాల పిల్లలకి నేర్పారు. వాళ్లు వెళ్లకపోతే ఈ నాట్యం ప్రపంచానికి తెలిసేది కాదు. నేను వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. అయితే పేరు బయటికి వెళ్లిన దారిలోనే రాబడి కూడా బయటికి వెళ్లింది.

ఊరికి ఏమీ చెయ్యలేదని కాదు. 1958లో ఢిల్లీలో జరిగిన నాట్య సదస్సులోనూ, మరుసటేడు హైదరాబాదు సదస్సులోనూ శాస్త్రీయ నృత్యాల్లో కూచిపూడి స్థానం కోసం బందా కనకలింగేశ్వరరావు గారి లాంటి పెద్దలు పట్టుదలగా నిలబడ్డారు. ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది, అది తెలుగు విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. పిల్లలు అక్కడ నేర్చుకుని పట్టాలు తీసుకుంటున్నారు. కాలిఫోర్నియా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఊరిని దత్తత తీసుకుంది, సంజీవని ఆసుపత్రి కట్టించింది. 2016 డిసెంబరులో బెజవాడ స్టేడియంలో 6,117 మంది ఒకేసారి నాట్యం చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆ ఎర్రటి సాయంత్రపు వెలుగులో అన్ని వేల జతల గజ్జెలు ఒక్కసారి మోగుతుంటే నా పక్కనున్న ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

మర్నాడు ఆ ఆరువేల మందీ ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ మర్నాటి గురించే నా బెంగ. ఒకసారి కూచిపూడిలో రాత్రి ఉండి, తెల్లవారుజామున ఐదింటికే ఒక నాట్యాచార్యుల ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికే స్నానం చేసి, ఫోను గోడకి ఆనించి పెట్టి, తట్టుకర్ర పట్టుకుని కూర్చున్నారు. అమెరికాలో అది సాయంత్రం. ఫోను తెరలో పన్నెండేళ్ల పిల్ల అడుగులు వేస్తోంది. మధ్యలో సిగ్నల్ ఆగితే తాళం తప్పుతోంది. ఆయన విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెబుతున్నారు. పాఠం అయ్యాక కాఫీ తాగుతూ అడిగాను.

“మాస్టారూ, నెలకి ఇంత అని ఏమైనా లెక్కుందా అండీ?”

“లెక్కేముందండీ. ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. పిల్లలకి పరీక్షలైతే పాఠం ఉండదు. రంగప్రవేశం అయిపోయిందంటే ఆ ఇంటినుంచి ఫోను కూడా ఉండదు.”

“రంగప్రవేశానికి వాళ్లకి బాగానే ఖర్చవుతుంది కదండీ?”

“హాలుకి, భోజనాలకి, పూలకి, వీడియోకి... అవుతుందండీ. నాకేదో వస్త్రాలు పెడతారు. కాళ్లకి నమస్కారం చేస్తారు. ప్రేమగానే ఉంటారు.”

ఆ ప్రేమ నిజమని ఆయన మాటలోనే తెలిసింది. కానీ ఆయన కొడుకు నాట్యం వదిలేసి విజయవాడలో ఉద్యోగం చూసుకున్నాడు. ఆ పిల్లవాణ్ని నేను తప్పు పట్టను. పెళ్లి చేసుకోవాలి, ఇల్లు గడవాలి. తండ్రి రాబడి ఎవరి దయ మీదో ఆధారపడి ఉండడం వాడు పుట్టినప్పటినుంచీ చూశాడు.

అయ్యా, అమ్మా, కూచిపూడికి విరాళాలకంటే ఎక్కువగా కావలసింది సొంత సంస్థ. ఊరి కళాకారులే సభ్యులుగా, వాళ్లే యజమానులుగా, వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు రాసే సంస్థ. ప్రభుత్వపు కళాశాల ఉంది, విదేశీ దాతల సంస్థ ఉంది, ఎవరి నాట్యమండలి వాళ్లకుంది. అందరిదీ అయిన కొట్టు మాత్రం లేదు.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్ల కోసం చాలా దూరంలో ఉన్న ఒక ఊరి కథ చెబుతాను. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారి ఉంది. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా తమ నేల కథల్ని ఇసుక మీద, ఒంటి మీద గీతలుగా, చుక్కలుగా వేసుకునేవాళ్లు. పపున్యా అనే చోట ప్రభుత్వం వాళ్లని ఒక శిబిరంలో చేర్చింది. 1971లో అక్కడి బడికి వచ్చిన ఒక పంతులు వాళ్ల చేత బడి గోడ మీద తేనెచీమ కథని బొమ్మగా వేయించాడు. ఆ రంగులు చూసుకున్నాక పెద్దలు ఆగలేదు. దొరికిన చెక్కమీదల్లా వేశారు. 1972లో పపున్యా తులా అనే కంపెనీ పెట్టుకున్నారు. దాని యజమానులు ఆ చిత్రకారులూ, వాళ్ల బంధువర్గమూ. నేటికీ అదే ఏర్పాటు. ఇలాంటి కళాకేంద్రాలు ఆ దేశపు మారుమూలల్లో పదుల సంఖ్యలో పుట్టాయి. వాటి పద్ధతి సూటిగా ఉంటుంది. బొమ్మ అమ్మితే సాధారణంగా సగం, ఆపైన వేసినవాళ్లకి. మిగిలింది కేంద్రానికి. రంగులు, గుడ్డ, జీపుకి డీజిలు, జీతాలు, ఎగ్జిబిషన్ల ఖర్చు అందులోంచి. ఎవరు వేశారు, ఆ కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిది అన్నది కాగితం మీద రాసి బొమ్మతో పాటే ఇస్తారు.

ఇంత ఏర్పాటున్నా అన్యాయం జరగకపోలేదు. క్లిఫర్డ్ పాసమ్ అనే మహా చిత్రకారుడు వేసిన వార్లుగులాంగ్ అనే చిత్రాన్ని 1977లో 1,200 డాలర్లకి ఒక బ్యాంకు కొంది. 2007లో అదే చిత్రం వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి ఆయన పోయి ఐదేళ్లు. ఆ డబ్బులో ఆయన పిల్లలకి చట్టప్రకారం చిల్లిగవ్వ రాలేదు. ఆ తరవాత ఆ దేశం చట్టం చేసింది. 2010 నుంచి చిత్రం చేతులు మారినప్పుడల్లా అర్హత ఉన్న అమ్మకాల్లో నూటికి ఐదు కళాకారుడికో, వారసులకో చేరాలి. ప్రభుత్వ సాయం లేకుండా ఆ కేంద్రాలన్నీ నిలబడ్డాయని నేను చెప్పను. ఇవాళ్టికీ చాలా కేంద్రాలకి గ్రాంటు అందుతుంది. కాకపోతే గ్రాంటు ఆలస్యమైతే తలుపులు మూసుకోకుండా ఉండడానికి సరిపడా సొంత అమ్మకం కొన్నింటికి ఉంది.

ఆ కథలో నన్ను నిద్రపోనివ్వని భాగం వేరే ఉంది. కింటోర్ అనే ఊరు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి ఐదు వందల కిలోమీటర్లకి పైగా పడమరన ఉంటుంది. మూత్రపిండాలు చెడిపోయిన పెద్దవాళ్లు డయాలిసిస్ కోసం సొంత ఊరు వదిలి ఆ పట్టణంలో ఒంటరిగా బతకాల్సి వచ్చేది. కథలు తెలిసినవాళ్లు, పిల్లలకి చెప్పాల్సినవాళ్లు అలా పరాయిచోట పోతున్నారు. అప్పుడు పపున్యా తులా చిత్రకారులు నాలుగు పెద్ద చిత్రాలు కలిసి వేశారు. 2000లో సిడ్నీలో వేలం పెడితే పది లక్షల డాలర్లకి పైగా వచ్చింది. ఆ డబ్బుతో మొదలైన ప్రయత్నం 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ యంత్రాన్ని నిలబెట్టింది. ముసలివాళ్లు ఇంటికి వచ్చారు. మన కూచిపూడిలో సంజీవని ఆసుపత్రిని ప్రవాసులు కట్టించారు, వాళ్లకి దండం. కింటోర్‌లో మాత్రం ఊరివాళ్లు తమ చేతి పనితో తామే తెచ్చుకున్నారు. ఏం కావాలో నిర్ణయించుకున్నదీ వాళ్లే.

మన తెలుగునేల మీద కూడా ఈ బుద్ధి లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన సురభి నాటక సమాజాన్ని చూడండి. తాత, తండ్రి, కోడలు, మనవడు అందరూ నటులే. తెరలు గీసేదీ వాళ్లే, మాయాబజారులో ఘటోత్కచుణ్ని గాల్లో తేలించేదీ వాళ్లే, టిక్కెట్లు చింపేదీ వాళ్లే. రాజుగారి దానం కోసం చూడకుండా టిక్కెట్టు డబ్బు మీద వంద ఏళ్లు దాటించారు. శాఖోపశాఖలుగా ఎన్నో బృందాలై, ఇప్పుడు కొద్ది బృందాలు మిగిలాయి. ఆ తగ్గుదలలో కూడా పాఠం ఉంది. ఒక్క రకం రాబడి మీదే నిలిస్తే, సినిమా టిక్కెట్టు పక్కనే అమ్ముతున్న రోజున కాలు జారుతుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లు ఇంకో దారి పట్టారు. రాత్రంతా రామాయణం ఆడించే పిలుపులు తగ్గాక, అదే తోలు మీద అవే రంగులతో దీపాల గొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్ముతున్నారు. బొమ్మలాట వదలకుండానే పిల్లల్ని చదివించుకుంటున్నారు. ఇక మన పెడన కలంకారీ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. చెక్క అచ్చులు, కరక్కాయ, మంజిష్ఠ, నీలి. భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా యంత్రం మీద అచ్చేసిన గుడ్డ కలంకారీ పేరుతో బజారంతా అమ్ముతూనే ఉన్నారు. పేరుని కాపాడడానికి ఒక సర్టిఫికెట్టు చాలదు, దాని వెనక కాపలా కాసే సంఘం ఉండాలి.

నాట్యానికైతే ఆ సర్టిఫికెట్టు కూడా రాదు. మన భౌగోళిక గుర్తింపు చట్టం వస్తువులకే వర్తిస్తుంది. కూచిపూడి చీరకైతే వస్తుంది, కూచిపూడి అడుగుకి రాదు. కానీ వేరే దారులున్నాయి. ట్రేడ్‌మార్కుల చట్టంలో ధ్రువీకరణ ముద్ర అనేదొకటి ఉంది. పాఠాల రాబడి తాను తీసుకోని ఒక విడి సంస్థ నియమాలు రాసి, ఫలానా గురువు దగ్గర ఫలానా పాఠక్రమం పూర్తి చేసినవాళ్లకే ఆ ముద్ర ఇవ్వొచ్చు. 1957 నాటి కాపీరైటు చట్టం నృత్య రచనని కూడా నాటక రచనల్లో చేర్చుకుంది. రాతలోనో, రికార్డులోనో నిలిపిన నృత్యరూపకానికి కర్త జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు హక్కు. ఊళ్లో ఎంతమంది గురువులు తాము కూర్చిన అంశాల్ని రాయించి పెట్టుకున్నారు? నేను అడిగినవాళ్లలో ఒక్కరూ లేరు. కొన్ని పాత పుస్తకాలు సంచిలో చుట్టి అటక మీద ఉన్నాయి. చెద పట్టకముందే దింపాలి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. లాభాపేక్ష లేని సంస్థ అంటే లాభం రాకూడదని చాలామంది అనుకుంటారు. అందుకే ఫీజు అడగడానికి మొహమాటపడతారు. కళ అమ్ముకుంటున్నారని ఎవరైనా అంటారేమోనని భయం. చట్టం అలా చెప్పడం లేదు. మిగులు రావొచ్చు, రావాలి కూడా. దాన్ని వాటాదారులు పంచుకోకుండా సంస్థ ఆశయానికే వాడాలి, అంతే. 2013 కంపెనీల చట్టంలో ఎనిమిదో సెక్షన్ కింద అలాంటి సంస్థ పెట్టుకోవచ్చు. గురువుకి, మృదంగం వాయించేవారికి, పాడేవారికి, లెక్కలు రాసే అమ్మాయికి న్యాయమైన పారితోషికం ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. పారితోషికం ఖర్చు కిందికి వస్తుంది.

నా అనుభవాన్ని బట్టి మనకి ఇంకా దగ్గరి దారి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టం, ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే స్వేచ్ఛనిచ్చింది. కృష్ణా మిల్క్ యూనియన్ మన కళ్లముందే ఉంది. పాలు పోసే రైతు తెల్లవారుజామున కేంద్రానికి వెళతాడు, వెన్న శాతం చూస్తాడు, ఆ అంకె తన పుస్తకంలో ఎక్కించుకుంటాడు. తన పాలకి ఎంతొస్తుందో తనకి తెలుసు. లీటరు పాలకి ఉన్నపాటి లెక్క నాట్య పాఠానికి ఎందుకు ఉండకూడదు?

లెక్క ఇలా ఉండొచ్చు. అమెరికా నుంచి పాఠానికి కట్టే ఫీజు నేరుగా గురువు ఫోనుకి కాకుండా సంఘం ఖాతాకి రావాలి. వందలో డెబ్భై గురువుకి ఆ నెలాఖరుకే. పది సంఘం ఖర్చులకి. పది నిల్వకి, పరీక్షల నెలల్లో ఆ నిల్వలోంచి గురువుకి బయానా. మిగిలిన పది ఊరి పిల్లల శిక్షణకి. అంకెలు మార్చుకోండి, కూర్చుని వాదించుకోండి. అంకె అంటూ ఒకటి గోడ మీద రాసి ఉండడం ముఖ్యం. ఇంకో సంగతి. విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి విరాళం పుచ్చుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి తప్పనిసరి. నేర్పిన పాఠానికి తీసుకునే ఫీజు విరాళం కిందికి రాదు. మా పిల్లకి మీరు నేర్పారు, మేం ఫీజు కట్టాం. ఇందులో ఎవరూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

పాఠం ఒక్కటే రాబడి అనుకోకండి. నాట్యపు సామాను చూడండి. తలసామాను, రాగిడి, సూర్యుడు, చంద్రుడు, వడ్డాణం, జడకుచ్చులు. దేశదేశాల పిల్లలు వీటిని చెన్నైలో కొంటున్నారు. కూచిపూడికి దగ్గర్లోనే బందరు ఉంది. రోల్డ్‌గోల్డ్ నగలకి పేరుపడ్డ ఊరు, ఇంటింటా ఆ పని తెలిసిన చేతులున్నాయి. నేత పెడనలో ఉంది, మంగళగిరిలో ఉంది. తరంగం ఆడేటప్పుడు నిలబడడానికి ఇత్తడి పళ్లెం కావాలి, కాళ్లకి గజ్జెలు కావాలి. కూచిపూడి సంఘం ముద్రతో ఒక పెట్టె కట్టి, నగలూ బట్టా గజ్జెలూ పళ్లెమూ అన్నీ అందులో పెట్టి పంపితే, సత్యభామ జడతో పాటు బందరు కంసాలి ఇల్లు కూడా నడుస్తుంది.

ఇక ఊరికి వచ్చేవాళ్లు. సెలవుల్లో పిల్లలతో తల్లిదండ్రులు వస్తారు. రామలింగేశ్వరస్వామి గుడి చూస్తారు, పక్కనే మొవ్వలో క్షేత్రయ్య కొలిచిన గోపాలుణ్ని చూస్తారు, ఫొటో దిగి సాయంత్రానికి బెజవాడ హోటలుకి వెళ్లిపోతారు. ఆ కుటుంబం పదిరోజులు ఊళ్లోనే ఉండేలా ఇళ్లు కావాలి. శుభ్రమైన స్నానాల గది, నమ్మకమైన మంచినీళ్లు, ఆడపిల్లలకి భద్రత. ప్రతి శనివారం రాత్రి పందిట్లో ఒక ప్రదర్శన ఉండాలి. ఇద్దరొచ్చినా ఆడాలి, రెండొందలమంది వచ్చినా ఆడాలి. కేరళలో వళ్లత్తోళ్ కవి 1930లో కళామండలం మొదలుపెట్టడానికి లాటరీ టిక్కెట్లు అమ్మి డబ్బు పోగుచేశాడు. మహాకవి అంతటివాడు టిక్కెట్లు అమ్మాడు. మనం కూడా అమ్ముదాం.

సభ్యులెవరు అన్నది కష్టమైన ప్రశ్న. నా అభిప్రాయం దాచుకోను. ఇవాళ కూచిపూడి నేర్చుకుంటున్నవాళ్లలో అత్యధికులు ఆడపిల్లలు. వాళ్లు అన్ని కులాలవాళ్లు. ఇంటిపేరు చూసి సభ్యత్వం ఇస్తే ఆ సంఘం పదేళ్లు కూడా నిలవదు. వంశపారంపర్యంగా మోసుకొచ్చిన కుటుంబాలకి గౌరవం, రచనల మీద హక్కు తప్పక ఉండాలి. వాళ్లతో పాటు ఊళ్లో ఉండి నేర్పుతున్న ప్రతివారికీ, మద్దెల వాయించేవారికీ, రంగు వేసేవారికీ, తెర పట్టేవారికీ ఓటుండాలి. ఇంకా ఒక రుణం ఉంది. కృష్ణా, గోదావరి తీరాల్లో కలావంతుల స్త్రీలు తరతరాలు భామాకలాపం ఆడారు, పదాలు అభినయించారు. 1947 నాటి దేవదాసీ నిషేధ చట్టంతో, దానికి ముందునుంచీ వచ్చిన సమాజపు ఈసడింపుతో వాళ్ల గజ్జెలు మూగబోయాయి. మన నాట్యం గౌరవం తెచ్చుకుంటున్న ఆ రోజుల్లోనే వాళ్లు పేరు లేకుండా పోయారు. వాళ్ల పాటలు, వాళ్ల అభినయం రికార్డు చెయ్యడానికి, వాళ్ల వారసులకి దానికి తగిన ప్రతిఫలం ఇవ్వడానికి సంఘం పద్దులో మొదటి ఏడే ఒక పేజీ తెరవాలి.

ఇన్నేళ్లలో సంఘాలు చెడిపోవడం కూడా చూశాను. ఒకే మనిషి దగ్గర చెక్కుబుక్కూ, తాళాలూ, నిర్ణయమూ మూడూ ఉన్న చోటల్లా చెడింది. మహాజనసభ పెట్టకుండా సంతకాలు ఇళ్లకి తిప్పించిన చోటల్లా చెడింది. నాకు తెలిసిన ఒక చేనేత సంఘంలో ఇరవై ఏళ్లపాటు ఏటా పండగ చేశారు, సరుకు నిల్వ మాత్రం ఏ ఏడూ లెక్కపెట్టలేదు. చివరికి తలుపు తీస్తే చెదపురుగులు తిన్న చీరలు కనబడ్డాయి. నేసిన ముసలమ్మ వాటిని చేత్తో తడుముకుంటూ కూర్చుంది. కూచిపూడిలో అది జరగకూడదు. నెలనెలా రాబడి, ఖర్చు గుడి గోడ మీద అంటించాలి. అధ్యక్షుడు రెండు దఫాలు దాటి ఉండకూడదు. లెక్కలు చూసేవాడు బయటివాడై ఉండాలి. పిలిస్తే నేను వస్తాను, ఫీజు అక్కర్లేదు.

పిల్లలకి నాట్యం నేర్పిస్తున్న తల్లిదండ్రులకి, ఇక్కడున్నవాళ్లకీ దేశం దాటి ఉన్నవాళ్లకీ, చివరగా ఒక విన్నపం. మీ అమ్మాయి రంగప్రవేశం ఖర్చుల చీటీ రాసుకునేటప్పుడు హాలు, భోజనాలు, పూలు, వీడియో అని రాస్తారు. వాటికింద కూచిపూడి ఊరు అని ఒక వరస రాయండి. వచ్చే సంక్రాంతికి సొంతూరు వచ్చినప్పుడు పామర్రులో ఆగి, చల్లపల్లి రోడ్డు పట్టుకుని ఒక్క రెండు రోజులు ఆ ఊళ్లో ఉండండి. ఏ గురువుగారి ఇంటి అరుగు మీదైనా కూర్చుని పాఠం వినండి. ఫీజు కట్టండి. రసీదు అడిగి తీసుకోండి.